నిమ్మాకు మీద రాత

అప్పయమ్మ నోరు మంచిది కాదని మా వీధిలో అందరూ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. పాలు పల్చగా ఉన్నాయని పాలవాణ్ణి, దారిలో బండి అడ్డంగా పెట్టారని కుర్రాళ్ళని, అరుగు మీద పడుకుందని కుక్కని, పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరిని తిడుతూనే ఉంటుంది. కానీ ఏ ఇంట్లో పసిబిడ్డ పాలు పట్టక ఏడ్చినా, ఎవరు కొత్త బండి కొన్నా, పిలవకుండానే వచ్చి గుమ్మం పక్కన ఒక నిమ్మకాయ పెట్టి వెళ్ళేది. "దిష్టి తీసి పారీండి. కాయకి డబ్బులిస్తానంటే సెయ్యిరగ్గొడతాను" అనేది వెళుతూ వెళుతూ.

ఆవిడ పెరట్లో నాటు నిమ్మచెట్లు కొన్ని ఉన్నాయి. భర్త పోయాక వాటి మీదే బతుకుతోంది. సంతరోజు వడ్డాది వెళుతుంది, మిగతా రోజుల్లో చోడవరంలో కోవెల ముందు గోనెపట్టా పరుచుకుని కూర్చుంటుంది. చెట్లకి ఎరువు వేయదు, నీళ్ళు పెట్టదు. వాన పడితే చిగురిస్తాయి, లేకపోతే ముదురాకులతో అలాగే నిలబడి ఉంటాయి. "నాలాగే. అడగవు, సావవు" అంటుంది వాటిని చూసి.

జగ్గయ్య ఆవిడకి మరిది. ఆవిడ ఈ ఊరికి కోడలిగా వచ్చేనాటికి చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతకాని పిల్లవాడు. ఆ గుండీలు పెట్టి, తల దువ్వి, రోజూ బడిదాకా దిగబెట్టింది ఈవిడే. అందుకే ఇప్పుడు మనవలున్న మనిషిని కూడా నలుగురిలో "ఒరే" అనే పిలుస్తుంది. అది జగ్గయ్యకి నచ్చదు. అన్నదమ్ములు వేరుపడ్డాక మాటలు తగ్గాయి, ఆ తర్వాత అవీ లేవు.

చెరకు కొట్టడానికి మనుషులు దొరకక, జగ్గయ్య రోలుగుంట రోడ్డు పక్క పొలంలో నిమ్మతోట వేశాడు. అంట్లు తెచ్చి నాటాడు, బోరు నీళ్ళు పెట్టాడు, మొక్క మొక్కకీ యూరియా దోసిళ్ళతో పోశాడు. మొక్కలు కూడా అంత ఆశగానే పెరిగాయి. ఎప్పుడు చూసినా రాగిరంగు లేత చిగుళ్ళే.

ఆషాఢమాసంలో ఒకరోజు అప్పయమ్మ సంత నుంచి వస్తూ అడ్డదారిని ఆ తోటలోంచి నడిచింది. ఒక మొక్క తల నిమిరింది. "ఏపుగా ఉన్నాయిరా, దిష్టి తగులుతాది" అని అక్కడ లేని మరిదితో తనే అనుకుని, బుట్టలో మిగిలిన నిమ్మకాయకి మిరపకాయలు గుచ్చి కంచెకి కట్టింది. పొరుగు చేను వాళ్ళు అది చూశారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే తోట అంతా రాత పడింది.

ఆ రాత నేనూ చూశాను. లేత ఆకు మీద వెండి గీత. నత్త పాకిన జాడలా మెరుస్తూ, మెలికలు తిరుగుతూ, వెళ్ళిన చోటికే మళ్ళీ వస్తూ, ఆకంతా నింపేసింది. గీత మధ్యలో సన్నని నల్లదారం. ఎవరో సన్నపాళీ కలంతో కూర్చుని, ఓపిగ్గా, అర్థంకాని అక్షరాలు రాసినట్టుంది. ఏ మొక్క చూసినా అదే. ఆకులు వంకర తిరిగి, అంచులు ముడుచుకుని, దగ్గుతున్న మనిషిలా వంగిపోయాయి.

నిమ్మచెట్టు. దాని ఆకుల మీద రాత. కంచెకి ఎవరో కట్టిన నిమ్మకాయ. మా ప్రాంతంలో ఈ మూడూ ఒకచోట కలిస్తే మనిషి నోట వచ్చే మాట ఒక్కటే. చిల్లంగి, చేతబడి.

జగ్గయ్య ఆ మాట పొలంలో అనలేదు. ఊరి మధ్యకి వచ్చి, వదిన గుమ్మం ముందు నిలబడి అన్నాడు.

"ఏటి రాసేవు నా తోట మీద? ఏ మంత్రం అది?"

అప్పయమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "నాకు సంతకమే రాదురా, మంత్రం ఏటి రాస్తాను?"

"కంచెకి కాయ కట్టేవా నేదా?"

"కట్టేను. దిష్టికి."

"ఒప్పుకుందర్రా!" అని వీధి వైపు తిరిగి అరిచాడు జగ్గయ్య. "అందరూ ఇన్నారు కదా!"

అందరూ విన్నారు. ఆ సాయంత్రానికి వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో జరిగినవన్నీ వాళ్ళకి గుర్తుకొచ్చాయి. ఆవిడ కాయ పెట్టి వెళ్ళాకే మా గేదె ఎండిపోయిందని ఒకరు, పిల్లకి జ్వరం తగ్గి మళ్ళీ వచ్చిందని ఒకరు. మర్నాడు తెల్లారేసరికి అప్పయమ్మ పెరట్లో నిమ్మకాయలు పడి ఉన్నాయి. ఎండినవి, కుళ్ళినవి, పసుపు రాసినవి. ఇన్నాళ్ళూ ఆవిడ ఇంటింటికీ ఇచ్చినవి గోడ మీదుగా వెనక్కి విసిరేశారు. ఒకటి నీళ్ళ కుండకి తగిలి కుండ పగిలింది. మా ఇంటికీ ఆవిడ ఇంటికీ గోడ ఒక్కటే, ఆ చప్పుడు నేను విన్నాను. ఆవిడ తిడుతుందని చూశాను. తిట్టలేదు. ఒక్కొక్క కాయా ఏరి చెట్ల మొదట్లో పాతిపెట్టింది.

దారిలో ఎదురొస్తే ఆడవాళ్ళు చెంగు తలమీదికి లాక్కుని పక్కకి తప్పుకునేవారు. పిల్లల్ని లోపలికి పిలిచేసేవారు. కిరాణా కొట్లో ఆవిడ ఇచ్చిన నోటు మీద నీళ్ళు చిలకరించి గల్లాలో వేసుకున్నారు. ఆటోలో ఆవిడ ఎక్కితే మిగిలినవాళ్ళు దిగిపోయారు. ఆటో నడిపే సత్తిబాబు ఒక్కడే, "దిగినోళ్ళు నడిసి రండి, ఆరోగ్యం" అని, అప్పయమ్మని ముందు తన పక్కన కూర్చోబెట్టుకుని చోడవరం తీసుకెళ్ళాడు. రోజూ అలాగే తీసుకెళ్ళేవాడు. ఆ పుణ్యం అతనిది.

వ్యవసాయ సహాయకురాలు గౌతమి తోట చూడడానికి వచ్చింది. విశాఖపట్నం అమ్మాయి, ఉద్యోగంలో కొత్త. ఊరిలో సగంమంది ఆమె వెనకే వెళ్ళారు. నేనూ వెళ్ళాను.

ఆమె ఒక ఆకు తెంపి, ముడుచుకున్న అంచుని గోటితో విప్పింది. లోపల పట్టుదారంతో నేసిన చిన్న గది, అందులో గోధుమరంగు ప్యూపా, రెక్కలు రాకముందు నిద్రపోయే పురుగు. ఇంకో ఆకు మీద వెండిగీత చివర పైపొరని గుండుసూదితో చీల్చింది. పసుపూ ఆకుపచ్చా కలిసిన పురుగు, కాళ్ళు లేనిది, ఆకుకంటే పల్చగా అణిగి ఉంది.

"ఇది ఆకు తొలిచే పురుగండీ. తల్లి చిన్న రెక్కల పురుగు. లేతాకు వెనక, ఈనె దగ్గర గుడ్డు పెడుతుంది. నీటిచుక్కలా ఉంటుంది, కంటికి ఆనదు. పిల్ల బయటికి రాదు. నేరుగా ఆకు లోపలికే దూరుతుంది. పైపొరకీ కిందిపొరకీ మధ్యన పాకుతూ రసం తాగుతుంది. ఆ నల్లగీత దాని పెంట. ఈ తెల్లగీత అది నడిచిన దారి. పెరిగాక అంచుకొచ్చి ఆకుని తనమీదే మడుచుకుని పడుకుంటుంది. అందులోంచి మళ్ళీ రెక్కలతో వస్తుంది. అంతా కలిపి మూడు వారాల లోపే."

"రాత కాదా?" అన్నారెవరో.

"రాత కాదండీ, తిండి. నీళ్ళూ యూరియా ఎక్కువైతే చిగురు ఆగకుండా వస్తుంది. దీనికి లేతాకే కావాలి, ముదురాకు జోలికి పోదు. యూరియా ఆపండి. వేపనూనె కొట్టండి."

నా మనసు తేలికపడింది. భగవంతుడు ఒక పిల్ల నోట నిజం చెప్పించాడు, ఇక గొడవ తీరిపోయినట్టే అనుకున్నాను. జగ్గయ్య ఆకు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"పురుగే అనుకో, పాపా. ఎక్కణ్ణుంచి వచ్చింది?"

గౌతమి తన పాఠం తను చెప్పింది. "చుట్టుపక్కల పాత నిమ్మచెట్లు ఏవైనా ఉంటే అక్కణ్ణుంచి రావచ్చండీ."

చుట్టుపక్కల పాత నిమ్మచెట్లు అప్పయమ్మవి మాత్రమే.

అందరూ అక్కణ్ణుంచి నేరుగా ఆవిడ పెరట్లోకి నడిచారు. గౌతమికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు, ఆమె ఫోన్ మోగి వేరే ఊరు వెళ్ళిపోయింది. జనం కొమ్మలు వంచి చూశారు, ఆకులు తిరగేసి చూశారు. వానల్లేక ఆవిడ చెట్లన్నీ ముదురాకులే. ఒక్క ఆకు మీద కూడా గీత లేదు. పురుగు తినేది లేతాకేనని ఆ అమ్మాయి అప్పుడే చెప్పింది. కానీ ఎవరికీ ఆ మాట గుర్తులేదు.

"సూసేరా?" అన్నాడు జగ్గయ్య. ఆ చెట్లకి దూరంగా జరిగి నిలబడ్డాడు. నిజంగా భయపడ్డాడని నాకు అప్పుడు తెలిసింది. "ఆవిడ సెట్టుకి ఒక్క గీతైనా నేదు. నా తోటలో ఒక్క ఆకు మిగల్నేదు. పురుగు దానంతటది వస్తే దగ్గరున్న సెట్టు ఒగ్గేసి దూరమెల్తాదా? పంపింది. పురుగుని పంపింది!"

చిల్లంగి పంపుతారు అనే మాట మా వైపు ఉన్నదే. ఏం పంపుతారో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు దానికి ఒక ఒళ్ళు దొరికింది. కాళ్ళు లేని, కంటికి ఆనని, ఆకు లోపల పాకే ఒళ్ళు. ఆ అమ్మాయి చెప్పిన ప్రతి మాటా ఆ భయానికే గుడ్డలు తొడిగింది.

ఆదివారం రామకోవెల దగ్గర పెద్దలు కూర్చున్నారు. పరదేశిగారు పెద్ద. ఆయన నెమ్మదస్తుడే, కానీ ఆయన ముందు కూర్చున్నవాళ్ళు కాదు.

"పళ్ళు పీకేస్తే మంత్రం పలకదు" అని వెనకనుంచి ఒక కుర్రవాడు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కొందరు నవ్వారు కూడా. వెనకటికి మా పక్క ఊళ్ళో అది నవ్వుతో ఆగలేదని పెద్దవాళ్ళు చెప్పేవారు.

"అప్పయమ్మా, అమావాస్య వచ్చే లోపల గాజువాకలో మీ కూతురు గుంట దగ్గరికి ఎల్లిపో. ఇక్కడేటైనా జరిగితే ఊరు పూచీ పడదు" అన్నాడు పరదేశిగారు. అది దయతోనే అన్నాడనుకుంటాను.

"నానెందుకు ఎల్తాను బాబూ? ఎల్తే సేసినట్టే కదా" అంది ఆవిడ. "నా సెట్లున్నాయి. నా పెనిమిటిని కాల్సిన మట్టి ఇక్కడుంది. పీకితే పళ్ళు పీకండి. ఎలాగూ రెండే మిగిలేయి, అవీ కదుల్తన్నాయి."

ఎవరూ నవ్వలేదు. జగ్గయ్య భార్య కనకదుర్గ గుంపులో తలదించుకుని నిలబడింది. ఆవిడ తోడికోడలు వైపు చూడలేదు, భర్త వైపూ చూడలేదు.

అమావాస్యకి ఇంకా మూడు వారాలుండగానే వానలు పట్టాయి. గట్టివానలు. అప్పయమ్మ చెట్లు ఇన్నాళ్ళ దాహం ఒక్కసారే తీర్చుకున్నట్టు కొమ్మకొమ్మకీ చిగురు వేశాయి. నాకు సంతోషమనిపించింది. ఆవిడ మాత్రం పొద్దున్నే చీకటి విడుతుండగా చెట్ల కింద వంగి ఏదో వెతుకుతోంది.

"ఏటి వెతుకుతున్నావు పిన్నీ?" అన్నాను గోడ మీంచి.

"ఆ పాప సెప్పిన తల్లి పురుగు. నా సెట్టుకి ఎందుకు రాదు? నానేటి దాన్ని వెలేసేనా?"

నేనూ గోడ దాటి వెళ్ళాను. తెలతెలవారుతోంది. ఆకుల మీద తడి. ఆవిడ వేలు చూపించిన చోట మొదట నాకేమీ కనబడలేదు. తర్వాత కనబడింది. బియ్యపు నూకలో సగం ఉంటుంది. వెండి పూసినట్టు తెల్లటి రెక్కలు, వాటి మీద సన్నని గోధుమరంగు చారలు. రెక్క అంచుల్లో మెత్తని కుచ్చు, నెమలీక చివర ఉండే నూగులాంటిది. రెక్క కొసన ఒకే ఒక్క నల్లచుక్క, పసిబిడ్డ బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టినట్టు. ముందరి కాళ్ళ మీద లేచి, తల ఎత్తి నిలబడి ఉంది. నేను ఊపిరి వదిలితే ఎగిరిపోయింది. ఇంతమందిని ఇంత భయపెట్టినది ఇదా అనిపించింది. ఇంత చిన్న ప్రాణికి అంత నగిషీ చెక్కడానికి ఈశ్వరుడికి తీరిక ఎలా దొరికిందో కూడా అనిపించింది. నా రెండు చేతులూ వాటంతటవే కలిశాయి.

"దండం పెడతన్నావేటే దానికి!" అంది అప్పయమ్మ. "దాని మూలాన నా పళ్ళు పోయేవి."

"చంపేద్దామా పిన్నీ? వేపనూనె మా ఇంట్లో ఉంది."

"ముట్టుకోకు. తిన్నీ."

నాకు వెంటనే అర్థం కాలేదు. తెల్లబోయి ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ ఇంట్లో ఉన్నంతసేపూ ఆ చెట్ల దగ్గరే కూర్చుంది. అంతవరకూ ఏ పురుగు పడినా బూడిద చల్లే మనిషి. ఇప్పుడు చీమల్ని కూడా కొమ్మలు ఎక్కనివ్వలేదు, పురుగుని ఎత్తుకుపోతాయని. కొన్నాళ్ళకి ఆకు వెనక ఈనె పక్కనుంచి వెంట్రుకంత వెండిగీత బయల్దేరింది. మర్నాటికి మెలిక తిరిగింది. ఆ తర్వాత పక్క ఆకు, దాని పక్క ఆకు. తన చెట్టు పాడవుతుంటే ఆవిడ మొహం వికసించడం నేను చూశాను. ఎవరికీ అలాంటి సంతోషం రాకూడదని దేవుడికి చెప్పుకున్నాను.

అమావాస్య ముందురోజు సాయంత్రం, కోవెల దగ్గర జనం ఉన్నవేళ, ఆవిడ రాతపడిన కొమ్మ ఒకటి విరిచి చేత్తో పట్టుకుని నడిచింది. దారిలో తలుపులు మూసుకున్నవాళ్ళు కిటికీల్లోంచి చూశారు. జగ్గయ్య కోవెల అరుగు మీద ఉన్నాడు. ఆవిడ కొమ్మని ఆయన ఒళ్ళో పడేసింది. ఆయన తేలు పడ్డట్టు లేచి నిలబడ్డాడు.

"సూడు. బాగా సూడు. ఇది నా సెట్టుది."

పరదేశిగారు కొమ్మ తీసి ఆకులు తిప్పి చూశాడు. అదే గీత, అదే నల్లదారం, అంచున అదే మడత.

"నువ్వే పెట్టుకున్నావు" అన్నాడు జగ్గయ్య. "మమ్మల్ని నమ్మించడానికి నీ సెట్టుకి నువ్వే..."

"ఒరే జగ్గా." ఆవిడ గొంతు పెంచలేదు. "పురుగు దగ్గరున్న సెట్టు మీంచి వస్తాదనే కదా నా పెరట్లోకి వచ్చేవు. నా సెట్లకి దగ్గిర తోట ఎవులిది?"

ఆయన పరదేశిగారి చేతిలోని కొమ్మ వైపు చూశాడు.

"నీది. నీ తోటలోంచి నా సెట్టుకి వచ్చింది. మరి సెప్పు, నువ్వేట్రా పంపేవు?"

ఒక్క క్షణం ఎవరికీ అందలేదు. తర్వాత సత్తిబాబు ఆటోలోంచి పకాలున నవ్వాడు. "మావా, చిల్లంగి ఎక్కడ నేర్సేవు? మాకూ సెప్పు!" అన్నాడు. అరుగు మీద వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు బాగుందని అనలేను. మొన్న ఆవిడ పళ్ళ గురించి నవ్విన నోళ్ళే అవి, ఇప్పుడు ఇటు తిరిగాయి. జగ్గయ్య మొహం నల్లబడింది. ఆయన పళ్ళు కూడా పీకాలా అని అదే కుర్రవాడు వెనకనుంచి అన్నాడు.

"నోర్ముయ్యి, ఎదవ!" అని అరిచింది అప్పయమ్మ ఆ కుర్రవాడి మీద. "ఆడు నా మరిది. ఆణ్ణి నాను తిట్టాల, నీకేటి పని?"

పరదేశిగారు కొమ్మ కింద పెట్టి, తుండుగుడ్డ దులుపుకుని లేచాడు. "పురుగంట. మందు కొట్టుకోండి. ఎవుల ఇంటికి ఆళ్ళు ఎల్లండి" అన్నాడు. గాజువాక మాట మళ్ళీ ఎత్తలేదు.

అంతటితో అందరి మనసులూ కడిగినట్టయ్యాయని చెబితే అబద్ధం. కొందరు ఇప్పటికీ ఆవిడ ఎదురొస్తే పక్కకి తప్పుకుంటారు. కిరాణా కొట్టులో నీళ్ళు చిలకరించడం మానేశారు గానీ, నోటు చేతికి చెయ్యి తగలకుండా అందుకుంటారు. ఆవిడా మునుపటికన్నా ఎక్కువే తిడుతోంది.

అమావాస్య వెళ్ళిన మర్నాడు పొద్దున్నే వీపున స్ప్రేయరు తగిలించుకుని జగ్గయ్య ఆవిడ పెరటి తలుపు కొట్టాడు. నేను మా పెరట్లో అంట్లు తోముతున్నాను.

"తలుపు తియ్యి."

"ఎందుకురా?"

"నీ సెట్ల మీద పురుగుంటే మళ్ళీ నా తోటకే ఎగిరొస్తాది. అందుకు. నీ మీద పేమతో కాదు."

"ఎవులడిగేరు నీ పేమ?" తలుపు తీసింది. "ఆకు ముందు కాదు, ఎనకాల కొట్టు. గుడ్డు ఎనకాల పెడతాది."

"నాకు సెప్పక్కర్నేదు."

"సెప్పకపోతే నీకేటి తెలుసు?"

చెట్టు చెట్టుకీ అదే తగువు. ఈ కొమ్మ వదిలేశావని ఈవిడ, నీడలో నిలబడకు మందు మీద పడుతుందని ఆయన. వేపనూనె వాసన మా ఇంటిదాకా వచ్చింది. అంతా అయ్యాక ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది, సబ్బుముక్క తెచ్చింది. ఆయన చేతులు చాచాడు, ఈవిడ పోసింది. ఆయన చొక్కా పై గుండీ ఊడి వేలాడుతోంది. ఆవిడ దాన్ని చూసింది.

ఆయన తడిచేతులు లుంగీకి తుడుచుకుని, సీసాలో మిగిలిన వేపనూనె గోడ మీద పెట్టాడు.

"వారానికి మళ్ళీ కొట్టాలంట" అన్నాడు రోడ్డు వైపు చూస్తూ.

"నువ్వొస్తావా, నన్ను కొట్టుకోమంటావా?"

జగ్గయ్య వెళ్ళిపోయాడు. స్ప్రేయరు మాత్రం ఆవిడ వసారాలో దింపేసి వెళ్ళాడు.